మృత్యువు అను పేరుగల మేళము

నేడు నేను చెప్పబోవునది ముగ్గురన్నదమ్ముల వృత్తాంతము. వారిది అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిచిగన్ రాష్ట్రమందలి డెట్రాయిట్ నగరము. నల్లజాతివారు. ఇంటిపేరు హాక్నీ. పెద్దవాడు డేవిడ్, నడిమివాడు డానిస్, చిన్నవాడు బాబీ. వీరు 1970 తరువాతి యేండ్లలో ఒక పాటల మేళము కట్టుకొని, దానికి ఇంగ్లీషుభాషలో 'డెత్' అని, అనగా మృత్యువు అని పేరు పెట్టిరి. ఆ పేరు మార్చుకొన్నయెడల ధనమును కీర్తియు వచ్చును, మార్చుకొననియెడల రెండును రావు అను సంకటము వారికి ఒకనాడు తటస్థించినది. వారు పేరు మార్చుకొనలేదు. వారి పాటలు చాలకాలము ఇంటి అటకమీదనే ఉండిపోయెను. ఆ పట్టుదల తగినదో తగనిదో నాకును ఒక్కమాటలో చెప్ప శక్యము కాకున్నది. కథ విన్న పిమ్మట మీరే నిర్ణయింపవచ్చును.

వారు పాడినది రాక్ అను సంగీతము. అది యెట్టిదో కొంచెము చెప్పినగాని కథ అర్థము కాదు. గిటారు అనునది మన వీణవలె మెట్లుగల తంత్రీవాద్యము. సాధారణముగా ఆరు తీగెలుండును. విద్యుత్తుతో పనిచేయు గిటారులో ఆ ఉక్కు తీగెల క్రింద అయస్కాంతములును, వాని చుట్టు వెండ్రుకవంటి సన్నని రాగితీగె చుట్టలును అమర్చెదరు. మీటగా పైతీగె అదరును. అది అదరినకొలది క్రింది చుట్టలో స్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. దానిని ఒక యంత్రము పెంచి లౌడుస్పీకరునకు పంపును. యంత్రము భరింపగలిగిన దానికంటె నెక్కువగా పెంచినప్పుడు ధ్వని చిట్లి, గరగరలాడుచు, కంచు బీటువారినట్లు వినబడును. తక్కిన సంగీతములలో అది దోషము. రాక్ సంగీతములో అదియే రుచి. దానికి తోడు మంద్రస్వరము లిచ్చు మరియొక గిటారు, కర్రలతో కొట్టు డ్రమ్ములు, గొంతెత్తి పాడువా డొకడు. ఇంతమంది యున్న మేళము నిండినట్లే. మన యూళ్లలో డప్పుల దరువునకు దూరమున నిలిచినవాని గుండెకూడ అదరును గదా. దీని బలమును అట్టిదే.

దీని పుట్టుక నల్లజాతివారిలో. ఆఫ్రికాఖండమునుండి బానిసలుగా కొనిపోబడినవారి సంతతివారు చేలలో పాడుకొన్న పాటలును, ప్రార్థనాలయములలో చప్పట్లతో పాడిన దైవగీతములును, దుఃఖమును వెళ్లబుచ్చుకొనుటకు కల్పించుకొన్న 'బ్లూస్' అను గానమును దీనికి తల్లివేళ్లు. సిస్టర్ రొసెట్టా థార్ప్ అను గాయని 1938లోనే గిటారు వాయించుచు దైవగీతములను గ్రామఫోను ప్లేట్ల కిచ్చెను. 1955లో చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ అను నల్లజాతి గాయకులు ఈ క్రొత్తబాణీతో దేశము నూపివేసిరి. అయినను అంగడిలో గోడ యొకటి ఉండెను. నల్లవారి ప్లేట్ల అమ్మకముల పట్టికకు ఒక ప్రసిద్ధ వ్యాపారపత్రిక 1949 వరకు 'జాతి ప్లేట్లు' అను శీర్షికనే వాడుచు వచ్చెను. బిగ్ మామా థార్న్‌టన్ అను నల్లజాతి స్త్రీ 1952లో పాడిన పాటనే 1956లో ఎల్విస్ ప్రెస్లీ అను తెల్లజాతి యువకుడు పాడగా, అది దేశమంతట మారుమ్రోగెను. పిదప 1964లో ఇంగ్లండునుండి బీటిల్స్ అను నలుగురు యువకులు అమెరికాకు వచ్చిరి. వీరు నేర్చుకొన్నదియు చాలవరకు నల్లవారి ప్లేట్లు వినియే. కాలక్రమమున ఏమైనదనగా, రాక్ తెల్లవారి సంగీత మనియు, నల్లవాడు గిటారు పట్టి గట్టిగా వాయించినచో తనది కానిదానిని వాయించుచున్నాడనియు అందరు అనుకొనసాగిరి. మహాగిటారువాదకుడైన జిమీ హెండ్రిక్స్ నల్లజాతివాడే. 1970లో అతడు గతించిన తరువాత ఆ భ్రమ మరింత గట్టిపడెను. నాటినవాని మనుమడు వచ్చి చెట్టుక్రింద నిలిచినప్పుడు, ఇది ఎవరి తోట, నీ వెవడవు అని అడుగుట వంటిది ఇది.

ఇక డెట్రాయిట్ నగరము. మోటారుకార్ల పుట్టినిల్లు. దక్షిణ రాష్ట్రములలో ప్రత్తిచేల పనియు, అవమానములును భరింపలేని నల్లజాతి కుటుంబములు వేలకొలది ఈ కర్మాగారముల కూలికై ఉత్తరమునకు వలస వచ్చినవి. అక్కడనే 1959లో బెర్రీ గోర్డీ అను నల్లజాతి యువకుడు మోటౌన్ అను ప్లేట్ల కంపెనీ స్థాపించెను. ఆ కంపెనీ గాయకులు ఇస్త్రీ మడతలు నలగని దుస్తులు ధరించి, తీయని గొంతులతో, అడుగుకు అడుగు కలుపుచు పాడెడివారు. నల్లవారి పాట యనిన అట్లు ఉండవలెనని నగరమంతయు అలవాటు పడెను. 1967 జూలైలో అక్కడ ఘోరమైన అల్లరులు చెలరేగి నలువదిముగ్గురు మరణించిరి. 1972లో మోటౌన్ కంపెనీయు లాస్ ఏంజిలీస్ నగరమునకు తరలిపోయెను. మన కథ జరిగినది ఆ దినములలోనే.

1964లో బీటిల్స్ మేళము అమెరికాలో మొదటిసారి టెలివిజనులో కనబడిన రాత్రి, హాక్నీ పిల్లల తండ్రి వారిని పిలిచి కూర్చుండబెట్టి ఆ కచ్చేరి చూపించెను. మరునాడు డేవిడ్‌నకు సందులో ఎవరో పారవైచిన గిటారు ఒకటి దొరికినది. దానితోనే అతడు సాధన మొదలుపెట్టెను. తమ్ములును అతని వెంట నడచిరి. డానిస్ డ్రమ్ములు పట్టెను. బాబీ మంద్రగిటారు వాయించుచు పాడుటకు పూనుకొనెను. 1971లో మేళము కట్టిరి. తల్లి సమ్మతింపగా ఇంటిలోని ఒక గదియే వారికి సాధనశాల అయ్యెను. పెరిగినచోటు చూడగా మోటౌన్ వరుసలే పాడవలసినవారు. కాని డేవిడ్ ఇంగ్లండువారైన 'హూ' అను మేళమువారి కచ్చేరి చూచినప్పటినుండి, తాము పాడవలసినది రాక్ మాత్రమే యని నిశ్చయించుకొనెను. ఇరుగుపొరుగువారికి ఇది రుచింపలేదు. నల్లవారి వాడలో తెల్లవారి మోత ఏమని కసరుకొనిరి. ఆ మోతయే తమ తాతలదని చెప్పువారు ఆనాడు లేకపోయిరి.

ఈలోపల ఇంటిమీద పిడుగు పడెను. త్రాగి బండి నడిపినవాని మూలమున వారి తండ్రి దారిప్రమాదములో మరణించెను. ఇంటికి పెద్ద పోయినప్పుడు కుమారులలో ఒక్కొక్కని దుఃఖము ఒక్కొక్క దారిని పోవును. డేవిడ్ దుఃఖము ఆలోచనయందు పడినది. మృత్యువు అనునది భయపడి తప్పించుకొనవలసిన అంధకారము కాదనియు, పుట్టుకవలె అదియు మనుష్యుని ప్రయాణములో నొక మెట్టనియు అతడు తలచెను. కావున మేళమునకు ఆ పేరే పెట్టుదమని తమ్ములతో అనెను. లోకము చెడ్డదని చూచు దానిని మంచివైపునకు త్రిప్పుటయే తన ఉద్దేశమని చెప్పెను. ఈ మాట తమకు ఎక్కుటకు కష్టమైనదని బాబీయే తరువాత చెప్పియున్నాడు. మేళమునకు గుర్తుగా డేవిడ్ ఒక ముక్కోణమును గీచెను. దాని మూడు చుక్కలు దేహము, మనస్సు, ఆత్మ. వానిని నడపు నాలుగవ చుక్క దైవము.

ఈ పేరు ఎంత బెదరు పుట్టించునో మనకు ఎవరును చెప్పనక్కరలేదు. మనము దీపము ఆరినది అనము, కొండెక్కినది అందుము. మనుష్యుడు చచ్చెను అనము, కాలము చేసెను అందుము. అమెరికావారును ఈ విషయమున మనవంటివారే. పెండ్లివిందులకును, యువజనుల ఆటపాటలకును పిలువవలసిన మేళమునకు మృత్యువని పేరున్న ఎవరు పిలుతురు? అయినను కఠోపనిషత్తు కథ విన్నవారికి డేవిడ్ మాట మరీ వింతగా తోచదు. నచికేతుడును తండ్రి నోటివెంట వచ్చిన మాటచేతనే గదా మృత్యువు గుమ్మము దొక్కి, భయపడక, ప్రశ్న అడిగినది! డెట్రాయిట్ పిల్లవానికి ఆ కథ తెలిసియుండదు. దుఃఖము మనుష్యుని నడిపించు దారులు దేశము మారినను ఒకటిగా ఉండుట నాకు ఆశ్చర్యము కలిగించినది.

1975లో వారికి అదృష్టము తలుపు తట్టినట్లయ్యెను. డెట్రాయిట్‌లోని యునైటెడ్ సౌండ్ అను ప్రసిద్ధమైన ధ్వనిముద్రణశాలలో పండ్రెండు పాటలు పట్టుటకు ఏర్పాటు జరిగినది. పాటలు డేవిడ్, బాబీ కూర్చినవి. వానిలో రాజకీయ నాయకుల మాయమాటలను నిలదీయు పాట యొకటి కలదు. వియత్నాము యుద్ధమునకు పోయి యువకులు శవములై తిరిగివచ్చిన కాలమది. ధనసహాయము చేయుటకు ముందుకు వచ్చినవాడు క్లైవ్ డేవిస్ అను గొప్ప ప్లేట్ల కంపెనీ అధిపతి యని కుటుంబమువారు చెప్పుదురు. ఎందరో గాయకులను పైకి తెచ్చినవాడని అతనికి పేరు. పాటలు అతనికి నచ్చినవి. పేరొక్కటి మార్చుకొనుడు అని కోరెను.

ఆ వర్తకుని నేను దూషింపను. అంగడి నడుపువాడు ప్లేటు కొనువాని ముఖము చూడవలసినవాడు. 'మృత్యువు' అని వ్రాసియున్న అట్టను ఏ తల్లి తన బిడ్డకు కొనిపెట్టును? అతడు అడిగినది పాటలో ఒక్క స్వరమైనను మార్చుమని కాదు. అట్టమీది ఒక్క మాటను మాత్రమే. తమ్ములిద్దరికిని ఒప్పుకొందమనియే ఉండెను. చేతిలో డబ్బులేని నల్లజాతి యువకులకు అట్టి అవకాశము రెండవసారి రాదని వారికి తెలియును. కాని డేవిడ్ తల అడ్డముగా ఊపెను. పేరును పాటను వేరుచేయ వీలులేదనియు, ఈనాడు పేరును ఇచ్చివేసినయెడల తక్కినదంతయు ఇచ్చివేసినట్లే యనియు అతని వాదము. తమ్ములు ఏమి చేయుదురు? అన్నను అంగడిలో ఒంటరిగా నిలువబెట్టుటకు వారికి మనసొప్పలేదు. ముగ్గురును కాదనిరి. ధనము ఆగిపోయెను. పండ్రెండు పాటలలో ఏడు మాత్రమే టేపులకు ఎక్కినవి.

మరుసటి యేడు, అనగా 1976లో, వారే స్వయముగా ఐదువందల ప్లేట్లు మాత్రము అచ్చు వేయించిరి. ఒక్కొక్కదానికి ప్రక్క కొక పాట. తమ కంపెనీ పేరును ముక్కోణమని అర్థమిచ్చునట్లు పెట్టుకొనిరి. రేడియో కేంద్రముల వాకిళ్లు పట్టుకొని తిరిగిరి. నల్లవారి కేంద్రములకు ఆ మోత తమది కాదని తోచెను. తెల్లవారి కేంద్రములకు ఆ మనుష్యులు తమవారు కారని తోచెను. అప్పటికే 'డిస్కో' అను నాట్యసంగీతము దేశమంతట వరదవలె వచ్చుచుండెను. 1977 నాటికి మేళము విరిసిపోయినది.

ఆ ఏడు పాటలలో అంత విశేషమేమి అని మీరు అడుగవచ్చును. ఆ కాలపు రాక్ మేళములు ఒక్కొక్క పాటను పావుగంట, అరగంట సాగదీయుచు, తమ నేర్పరితనము చూపుకొనుట వేడుకగా పెట్టుకొన్నవి. దానిమీద విసిగి, పొట్టిపాటలు, వేగమైన దరువు, మొగమోటము లేని మాట అను పద్ధతిని కొందరు యువకులు పట్టిరి. దానికి 'పంక్' అని పేరు వచ్చెను. న్యూయార్కువారైన రమోన్స్ అను మేళమువారు 1976లో ఇచ్చిన మొదటి పెద్ద ప్లేటుతో అది పుట్టినదని చరిత్రకారులు వ్రాయుచు వచ్చిరి. హాక్నీ సోదరులు అదే వేగముతో, అదే పదునుతో 1975లోనే పాడి టేపులలో పెట్టియుండిరి. నల్లజాతివారి పంక్ మేళములలో వాషింగ్టన్ నగరపు బాడ్ బ్రెయిన్స్ మొదటిదని పేరుగాంచినది. డెట్రాయిట్ సోదరులు దానికంటెను ముందువారు. ముందు నడచినవానికి దారిలో ముండ్లు మాత్రమే దక్కుట అరుదు కాదు.

పిదప అన్నదమ్ములు ఉత్తరమున వెర్మాంట్ రాష్ట్రములోని బర్లింగ్టన్ అను ఊరికి పోయి స్థిరపడిరి. అక్కడ 'నాలుగవ కదలిక' అని అర్థమువచ్చు పేరుతో, రాక్ బాణీలో క్రైస్తవ భక్తిగీతములు పాడి, 1980 తరువాత రెండు ప్లేట్లు వెలువరించిరి. అవియు అంతగా అమ్ముడుపోలేదు. 1982లో డేవిడ్ ఒంటిగా డెట్రాయిట్ నగరమునకు మరలిపోయెను. తమ్ములు బర్లింగ్టన్‌లోనే నిలిచి, జమైకా ద్వీపపు 'రెగే' సంగీతము పాడు లాంబ్స్‌బ్రెడ్ అను మేళము పెట్టుకొని సంసారములు నడుపుకొనిరి. కొడుకులు పుట్టిరి, పెరిగిరి. ఆ పిల్లలకు తమ తండ్రి రెగే పాటగాడనియే తెలియును. మృత్యువు అను మేళము సంగతి ఇంటిలో ఎవరును ఎత్తువారు కారు. ఎత్తిన ఏమున్నది? మానిన గాయమును గోకుకొనుటయే గదా అనుకొనిరి కాబోలు.

డేవిడ్ మాత్రము మరువలేదు. ఒకసారి ఆ పాత టేపులను తెచ్చి బాబీకి అప్పగించి, భద్రపరుపుమనియు, లోకము ఒకనాడు వీనికొరకు వెదకుకొనుచు వచ్చుననియు, అప్పటికి తాను ఉండననియు చెప్పెను. బాబీ వానిని ఇంటి అటకమీద పెట్టెను. 2000 సంవత్సరమున డేవిడ్ ఊపిరితిత్తుల పుట్టకురుపుతో డెట్రాయిట్‌లోనే మరణించెను. అప్పటికి లోకము వచ్చిన జాడ ఏమియు లేదు.

వచ్చినది తరువాత ఎనిమిదేండ్లకు. పాత ప్లేట్లను కూడబెట్టు వ్యసనపరులు అమెరికాలో చాలమంది కలరు. మన యొద్ద పాత నాణెములు ఏరుకొనువారివంటివారు. ఆ ఐదువందల ప్లేట్లలో కొన్ని వారి చేతబడి, ఎవరీ మృత్యువు, ఎక్కడివారు అను ప్రశ్న బయలుదేరినది. కొన్నాళ్లకు ఆ ప్లేటు ఒక్కొక్కటి వందల డాలర్లు పలికెను. ఎవరో ఆ పాటను అందరు వినునట్లు ఇంటర్నెట్టులో పెట్టగా, దూరపు ఊర నున్న బాబీ కుమారు డొకడు దానిని వినుట సంభవించెను. తాము పుట్టకముందు పాడిన తండ్రి గొంతును ఆ కొడుకులు గుర్తుపట్టిరి. నాయనా, ఇది నీవేనా అని అడుగగా, అప్పుడుగాని పిల్లలకు అసలు సంగతి తెలియదాయెను. 2008లో ఆ కుమారులు ముగ్గురు ఆ పాటలనే పాడుటకు ఒక మేళము కట్టి, తమ పెదనాన్న తనకు తాను పెట్టుకొన్న 'రఫ్ ఫ్రాన్సిస్' అను మారుపేరునే దానికి పెట్టిరి. ఈ కథలో నాకు అన్నిటికంటె నచ్చిన భాగము ఇది. వర్తకులు, రేడియోవారు వినని పాటను విన్నవారు ఇంటి పిల్లలు; వారును తండ్రి చెప్పగా కాదు, పరాయివారి నోట.

2009లో డ్రాగ్ సిటీ అను చిన్న కంపెనీవారు అటకమీది టేపులను దింపించి, ఆ ఏడు పాటలను ప్లేటుగా వెలువరించిరి. 'లోకమంతయు చూచుటకు' అని దాని పేరునకు భావము. న్యూయార్కు టైమ్స్ పత్రిక ఆ యేడే వీరిని గూర్చి పెద్దవ్యాసము ప్రకటించి, పంక్ అను మాట పుట్టకముందే వీరు పంక్ అని శ్లాఘించెను. 2012లో వీరి కథను ఒక చలనచిత్రముగా తీసిరి. బాబీ, డానిస్ ముదిమి పైబడుచున్న వయస్సున మరల అదే పేరుతో వేదికనెక్కిరి. అన్న చోట గిటారు పట్టినవాడు లాంబ్స్‌బ్రెడ్ మేళమందలి వారి మిత్రుడు బాబీ డంకన్.

ఇంతకును డేవిడ్ చేసినది మంచిదా? ఫలితము వచ్చినది గనుక మంచిదే అనుట సులభము. నే నట్లనను. అతడు మొండిపట్టు పట్టిన దినమున ఈ ఫలితము వచ్చునని పూచీ ఏమియు లేదు. ఆ ప్లేట్లు చెత్తకుప్పలో కలిసిపోయియున్న ఈ మాట మనము చెప్పుకొనువారమే కాము. తమ్ముల పడుచుదనము ఆ పట్టునకు వెల అయినది. అట్లని పేరు మార్చుకొనియున్న మంచిదనియు అనలేను. మార్చుకొనియున్న వారికి ఒకటి రెండు సంవత్సరములు ధనము వచ్చియుండును. నల్లవాడు ఏ సంగీతము పాడవలెనో, దానికి ఏ పేరు పెట్టుకొనవలెనో ఇతరులు నిర్ణయించు పాత ఆచారమునకు మరియొక సాక్ష్యము చేరియుండును. నాకు తెలిసినంతలో గట్టిగా చెప్పదగినది తమ్ములను గూర్చియే. తమకు నమ్మకము లేని పేరును అన్న మాటకొరకు మోసి, అన్న పోయిన పిమ్మట అమ్ముకొనక, పారవేయక, అటకమీద దాచిరి. 2009లో ప్లేటు బయటికి వచ్చినప్పుడు అట్టమీది మాట మార్చుమని అడుగువా డెవడును లేకపోయెను. 1975లో డేవిడ్ పట్టుపట్టిన పేరే, ఒక్క అక్షరమైనను మారక, దానిమీద అచ్చుపడినది.